ఇంక్లైన్ జట్టు, రాయమల్లు నౌకరీ

అల్లం కాస్త ఎక్కువే పడిందేమో, పూలమ్మకు ఘాటు పడుతుందో లేదో, అడిగితే బాగుండేది, కానీ అడగాలంటే ముందుగదిలోకి వెళ్లి ఆమె ముఖం చూడాలి, చూస్తే జవాబు చెప్పాలి, అందుకే శాంతిరాజ్ స్టవ్ మంట తగ్గించి, చాయ్ ఎంత నిదానంగా మరిగితే అంత మంచిదనుకుంటూ నిలబడ్డాడు, పెద్దపెద్ద స్టేజీల మీద హెడ్‌సెట్ పెట్టుకుని రెప్పపాటులో ఎటు దూకాలో తేల్చుకున్నవాడు, ఇప్పుడు నలుగురు ఆటగాళ్ల జట్టుకు యజమాని, ఒక తల్లి అడిగిన ఒక్క ప్రశ్నకు భయపడి వంటింట్లో దాక్కున్నాడు, పక్కగదిలో పిల్లలు ఫోన్లలో తుపాకుల ఆట ప్రాక్టీసులో ఉన్నారు, వీరేందర్ గొంతు గోడ దాటి వస్తోంది, ఎడమకు రాండ్రి, ఎడమకు, మిద్దె మీదికెల్లి కొడుతుండు, జల్ది, ఆ గొంతు ఎటు చెబితే మిగతా ముగ్గురూ అటే నడుస్తారు, ఆ గొంతు లేకపోతే బొగ్గుగని పేరే పెట్టుకున్న ఈ ఇంక్లైన్ జట్టు లేదు, వచ్చే నెల పుణేలో ఫైనల్స్ కూడా లేవు, ఆ గొంతును కన్న పూలమ్మే ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని అడిగింది, బిడ్డా, మా ఇంటాయన అన్‌ఫిట్ అయిండు, నౌకరీ పిలగానికి పెట్టియ్యమంటున్నరు అందరు, వాడేమో శాంతన్న ఏం చెప్తే గదే అంటుండు, మరి నువ్వేమంటవు, నౌకరీల చేరమంటవా, ఆటల ఉండమంటవా.

గనిలో దిగేవాడికి ఒళ్లు చెడి ఇక డ్యూటీ చేయలేడని, అన్‌ఫిట్ అని డాక్టర్లు తేలిస్తే ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది, గోదావరిఖని నుంచి కమాన్‌పూర్ దాకా ఏ ఇంట్లోనైనా అంతకన్నా పెద్ద ఆస్తి లేదు, కాదంటే మళ్లీ రాదు, పూలమ్మ భర్త రాయమల్లు రెండు మోకాళ్లూ అరగదీసుకుంటే దక్కుతున్న నౌకరీ, ఆటలో ఉండమంటే రేపు వీరేందర్ వేళ్లు మొద్దుబారిన రోజున ఈ తల్లి ఎవరి దగ్గరికి వెళ్లి కూర్చోవాలి, నౌకరీలో చేరమంటే జట్టు చెదిరిపోతుంది, అంతకుముందు ఆ పిల్లవాడి మనసు చెదిరిపోతుంది, పైగా ఉండమని చెప్పే నోరూ తనదే, లాభమూ తనదే, చూసినవాళ్లు నవ్విపోరూ, ఎవరో ఎందుకు, తన బొటనవేలే ఇరవై ఏడేళ్లకు మాట వినడం మానేసింది, తెర మీద శత్రువు కనబడి వేలు కదిలేసరికి అవతలివాడు కాల్చేసి దర్జాగా పోయేవాడు, అప్పుడు హైదరాబాద్ జట్టు మేనేజరు పక్కన కూర్చోబెట్టుకుని, తమ్మీ, నీ చెయ్యి తగ్గింది గానీ నీ బుర్ర తగ్గలె, మీ ఊరి పిలగాండ్లను తయారుచెయ్యరాదు అన్నాడు, తీసేసే మాటను కూడా అంత మర్యాదగా చెప్పేవాళ్లు ఎందరుంటారు, ఆయనకు ఏటా క్రిస్మస్ కేకు పంపకుండా ఉండలేడు శాంతిరాజ్.

ఆలోచిస్తే అంతా ఎవరో ఒకరు చేయి పట్టుకుని నడిపించిందే, కేబుల్ కొమురెల్లి కాక లేకపోతే ఏ ఆట, ఏ పేరు, ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కోసం బాంబులు పేల్చినప్పుడల్లా క్వార్టర్ గోడలు అదిరి నెట్ వైరు ఊడిపోతే, తిట్టుకుంటూనే నిచ్చెన వేసుకుని వచ్చేవాడు, నీ ఆట తగలబడ, గిదేమన్న కూడు పెడ్తదారా అంటూనే వైరు బిగించి, నెట్ వచ్చిందా లేదా అని ఆట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడేవాడు, ఇక నాన్న సామ్యేల్, కొడుకు మొదటిసారి ఢిల్లీ వెళ్లినప్పుడు చర్చిలో లేచి, మా పిలగాడు ఢిల్లీల కొట్లాటకు పోయిండు, ప్రార్థన చెయ్యండ్రి అన్నాడట, పాస్టరుగారు పాపం ఏమనుకున్నారో, శత్రువుల తూటా ఒక్కటి కూడా ఈ బిడ్డను తాకకూడదు తండ్రీ అని గట్టిగా ప్రార్థించారు, సగం సంఘం తను మిలిటరీలో చేరాడనుకుంది, తమాషా ఏమిటంటే ఆ ఆదివారం నిజంగానే జట్టులో అందరూ పడిపోయి చివరిదాకా మిగిలింది తనొక్కడే, నవ్వొచ్చి, వెంటనే కళ్లు చెమర్చాయి, చాయ్ ఆవిరి వల్ల అనుకున్నాడు, ఆవిరి వల్ల కాదని తనకూ తెలుసు, ఎందుకంటే ఈ అందరికన్నా ముందు అక్క ఉంది.

సుసన్నక్క, నాన్న ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయిన ఏడాది, చుట్టాలంతా వచ్చి కూర్చుని, శాంతీ, ఇగ ఫోను పక్కన పెట్టు, నౌకరీల చేరు అంటుంటే, తను తల వంచుకుని, నాకొద్దు, నేను ఆడుకుంట అని అన్నాడు, ఇల్లు శ్మశానంలా అయిపోయింది, అప్పుడు అక్క దొడ్లో నల్లా దగ్గర నిలబడి ఏడవడం కిటికీలోంచి చూశాడు, ఆ మర్నాడు నేను చేరుత అని ఆమె ముందుకొచ్చింది, అప్పటినుంచి గనికాడ ల్యాంప్ రూములో, దిగేవాళ్లకు బత్తీలు ఇచ్చే పనిలో ఉంది, ఆ కన్నీళ్లు గుర్తొచ్చే గెలిచిన ప్రతి కప్పూ తెచ్చి ఆమె టీవీ పక్కనే పెట్టాడు, ఇప్పుడు వీరేందర్ కోసం అలా బలయ్యేవాళ్లు ఎవరున్నారు, అలా కావాలని ఎవరిని అడగగలడు, ఇవాళ అక్కకు సెకండ్ షిఫ్టు, ఇంట్లోనే ఉంటుంది, ఫోన్ తీశాడు, ఏందిరా గీ టైముల, చేపలు కడుగుతున్న, జల్ది చెప్పు, చెప్పాడు, గుసగుసగా, మొత్తం చెప్పి, నువ్వు నాకోసం చేసినట్టు వాళ్లింట్ల చేసేటోళ్లు లేరు గదక్కా అన్నాడు.

అటువైపు నల్లా ఆగింది, నీకోసం నేనేం చేసిన్రా, నౌకరీ అక్కా, నాకోసమే గద చేరినవ్, మరుక్షణం అటునుంచి పెద్ద నవ్వు, అయ్యో పిచ్చోడా, గిన్నేండ్లు గట్లనుకుంటున్నవా, నాకు కావాలెరా ఆ నౌకరీ, డిగ్రీ చేసి ఇంట్ల కూసున్న, నాయిన అన్‌ఫిట్ అయినంక అందరు నీ మొకమే చూసిండ్రు, నా దిక్కు ఒక్కలు చూడలె, నువ్వు వద్దన్నంక నల్లాకాడికి పోయి సంతోషంతోని ఏడ్చిన, దేవుడు నా మాట ఇన్నడని, నువ్వు ఆటకు పోకపోతే నాకేడిది, నేనే నీకు రుణపడి ఉన్న, ఇగ పెట్టెయ్, పిల్లి వచ్చింది చేపల మీదికి. ఫోన్ చేతిలోనే ఉండిపోయింది, ఇన్నేళ్లూ తను దండం పెట్టుకున్నది జరగని త్యాగానికా, సిగ్గు వేయాల్సింది పోయి గుండె తేలికైపోతోంది, అక్క ఏమీ వదులుకోలేదు, తను కోరుకున్నదే పట్టుకుంది, ఎంత బాగుంది ఈ మాట, కానీ ఒక్కరైనా ఆమెను అడిగి ఉంటే, తను కూడా అడగలేదు కదా, ఒకే ఇంట్లో, ఒకే గిన్నెలో అన్నం తింటూ, అనుకుంటూ ఉండగానే ఇందాక చూసినా చూడనట్టే వదిలేసిన మనిషి కళ్ల ముందుకు వచ్చింది, సెంటినరీ కాలనీ నుంచి పూలమ్మను స్కూటీ మీద తీసుకొచ్చి, లోపలికి రమ్మంటే పర్వాలేదన్నా అని గేటు దగ్గరే ఆగిపోయిన అమ్మాయి, వీరేందర్ అక్క రాజకుమారి.

చాయ్ మూడు గ్లాసుల్లో పోశాడు, ముందుగదిలో పూలమ్మకు ఒకటి అందించాడు, చిన్నమ్మా, నేను చెప్పేది కాదిది, వీరేందర్‌ను నా పేరు తియ్యకుంట అడుగు, వాని మనసుల ఏమున్నదో వాన్నే చెప్పనియ్యి, గానీ అంతకంటె ముందుగాల, రాజకుమారిని అడిగిండ్రా, పూలమ్మ గ్లాసు పట్టుకుని వింతగా చూసింది, దాన్నేమడుగుతరు బిడ్డా, రేపు పెండ్లయి పోయేదానికి నౌకరీ ఎందుకంటడు వాళ్ల నాయిన, మా అక్క పెండ్లయినంక గూడ చేస్తున్నది చిన్నమ్మా, మా నాయిన మందులు ఇప్పటికీ ఆమెనే తెస్తది, ఒక్కసారి అడిగి చూడు, అంతే. పూలమ్మ కుర్చీలోనే వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది, కన్నకూతుర్ని కొత్తగా చూస్తున్నట్టు చాలాసేపు చూసి, రాజీ, నీకు కావాల్నా బిడ్డా నాయిన నౌకరీ అంది, ఎండలో స్కూటీకి ఆనుకుని ఉన్న ఆ పిల్ల చటుక్కున నిటారుగా నిలబడింది, కావాలె అమ్మా, ఎవలన్న అడుగుతరేమోనని నాయిన అన్‌ఫిట్ అయినకాడినుంచి చూస్తున్న, అంటుండగానే ఏడుపు వచ్చేసింది, మూడో గ్లాసు పట్టుకుని గేటు దాకా నడిచిన శాంతిరాజ్ ఆ ఏడుపును చూసి ఈసారి పొరబడలేదు, రాయమల్లు ఒప్పుకుంటాడో లేదో, వీరేందర్ ఏమంటాడో, పుణే సంగతి ఏమవుతుందో ఇంకా తెలియదు, తెలిసింది ఒక్కటే, తన ఇంట్లో అక్కను ఎవరూ అడగలేదు, అయినా దేవుడి దయవల్ల ఆమెకు దక్కింది, రాయమల్లు ఇంట్లో దాన్ని దయకు వదిలేయకుండా నోరు తెరిచి అడిగే మనిషిగా తనను చేసినందుకు, తండ్రీ, నీకు స్తోత్రం.