నదికి అతుక్కున్న గుడారం

పరీక్షలో నిలవని గుడారానికి మా కుట్టు షెడ్డులో ఒకటే గతి. విప్పి, ముక్కలు చేసి, సంచులు కుట్టేస్తాం. వొన్జు బజారులో కూరగాయలు కొనుక్కునే ఆడవాళ్ళలో సగంమంది భుజాన వేలాడేవి మా దగ్గర ఓడిపోయిన గుడారాలే. ఐదేళ్ళుగా అలాంటి సంచులు నేనూ ఎన్నో కుట్టాను. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఈ జనవరిలో మాత్రం భయం వేసింది. ఈసారి నదికి తీసుకెళ్ళే రెండు గుడారాల్లో ఒకటి నేను గీసి, నేను కత్తిరించి, నేను కుట్టింది.

రెండోది మా ఓనరు ప్యో ఇన్‌గ్యు గారిది. అది ఎత్తయినది. మనిషి లోపల నిలబడి చేతులు చాచినా పైకప్పు తగలదు. నాది పొట్టిది. మోకాళ్ళ మీద లోపలికి పాకాలి. లోపల కూర్చోవాలి, లేదా పడుకోవాలి. మా అమ్మమ్మ ఇంట్లో గది అంతే ఉండేది. చలికాలమంతా ఆ గదిలో ఎవరూ నిలబడి ఏ పనీ చేయగా నేను చూడలేదు. తినడం, చిరుగులు కుట్టుకోవడం, పోట్లాడుకోవడం, అన్నీ కూర్చునే. వెచ్చదనం ఎంత ఎత్తులో ఉంటుందో గది కూడా అంతే ఉంటే చాలు కదా అనుకుని గీశాను.

నా గీత చూసి ఓనరుగారు పడీపడీ నవ్వారు.

"అమ్మాయ్ హేరిన్, ఇది టెంటా, కుక్కపిల్లకి ఇల్లా? పాక్కుంటూ వెళ్ళేదాన్ని ఎవరు కొంటారు?"

"నేను కొంటా," అంది మిషను దగ్గర్నుంచి బొక్‌రే పిన్ని. ఆవిడ ముప్పై ఏళ్ళుగా గుడారాలు కుడుతోంది. షెడ్డులో అందరికీ పిన్నే. "నడుం నొప్పి ఉన్నవాళ్ళని అడగండి, నిలబడటం హాయా, పాకడం హాయా అని."

ఓనరుగారు మంచి మనిషే. కుట్టి చూడమన్నారు. కానీ షరతు పెట్టారు. "ఒక పగలు, ఒక రాత్రి, మర్నాడు పొద్దున. గడ్డకట్టిన నది మీద నిలబడింది వచ్చే చలికాలానికి కుడదాం. నిలబడంది సంచులకి."

"మీదైనా సరేనా?" అన్నాడు గిజున్. అమ్మకాలూ ఫొటోలూ అతను చూసుకుంటాడు.

"నాదైనా సరే," అన్నారు ఓనరుగారు, సూర్యుడు పడమట పొడిచినా సరే అన్నట్టు.

ఇన్జే ఊరు దాటాక నది వంపు తిరిగేచోట వ్యాను ఆపాం. నేను పుట్టిన ఊరు అక్కడికి ఎగువన పది కిలోమీటర్లు. గిజున్ బర్మా తిప్పి మంచుగడ్డకు కన్నం వేసి మందం కొలిచాడు. రెండు జానలకు పైగా ఉంది. మేం సామాను దించుతుంటే నది లోపలనుంచి పెద్దగా మూలిగింది. గిజున్ ఎగిరి వ్యాను మెట్టు మీద పడ్డాడు.

"భయం లేదన్నా," అన్నాను. "అరిస్తే గడ్డ ఇంకా మందం అవుతోందని. నోరు మూసుకున్న నదినే నమ్మకూడదు."

"అయితే నిన్నూ నమ్మకూడదన్నమాట," అంది పిన్ని. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. నేను తక్కువ మాట్లాడతానని షెడ్డులో ఎప్పుడూ ఉండే వేళాకోళమే.

మధ్యాహ్నమంతా పరీక్షలు. ఓనరుగారు చెవి మీద పెన్సిలు, చేతిలో పుస్తకం పెట్టుకుని తిరిగారు. దళసరి చేతి తొడుగులు వేసుకుని జిప్పులు లాగి చూశాం. ఆయన గుడారం జిప్పు చిన్నది, పట్టు దొరకలేదు. నా జిప్పుకు తాడు ముడి వేశాను కాబట్టి ఒక్క గుంజుకు వచ్చింది. గ్యాసు పొయ్యి వెలగనని మొండికేసింది. గిజున్ దాని గ్యాసు డబ్బా వెచ్చబడాలని చంకలో పెట్టుకుని పావుగంట కూర్చున్నాడు.

"బిడ్డ పుట్టేలా ఉందిరా," అంది పిన్ని.

"మగబిడ్డయితే మీ పేరే పెడతా పిన్నీ."

రెండు గుడారాల్లోనూ చిన్న కట్టెల పొయ్యి వెలిగించి, పొగగొట్టం బయటికి పెట్టి, గాలి కిటికీలు తెరిచి, విషవాయువు వస్తే కూతపెట్టే పరికరం తగిలించాం. ఓనరుగారి గుడారంలో పైకప్పుకు కట్టిన థర్మామీటరు ఇరవై రెండు చూపించింది. నేల మీద పెట్టింది సున్నాకి దిగువనే ఉంది.

"తలకి వేసవి, కాళ్ళకి చలికాలం," అంది పిన్ని. ఓనరుగారు ఆ మాట రాసుకోలేదు.

నాదానికీ లోపం ఉంది. పొట్టి పైకప్పు కదా, కిమ్చీ పులుసు మరిగించగానే ఆవిరంతా బొట్లు కట్టి గిజున్ మెడ మీద పడింది. అది మాత్రం ఓనరుగారు సంతోషంగా రాసుకుని, కింద రెండు గీతలు గీశారు.

చీకటి పడుతుంటే పిన్ని తన స్లీపింగ్ బ్యాగు ఈడ్చుకుంటూ నా గుడారానికే వచ్చింది. పొయ్యి పక్క చోటు పెద్దవాళ్ళది, అక్కడే పక్క వేశాను. పడుకుంది, దొర్లింది, లేచి కూర్చుంది.

"ఏంటి పిన్నీ?"

"పైన బాగానే ఉందే. నడుం కింద మాత్రం నది తెలుస్తోంది."

అరవై దాటిన మనిషి చల్లటి నేల మీద పడుకోవడం, నేను పక్కన వెచ్చగా ఉండటం! అది మా ఇంట్లో జరిగే పని కాదు. ఒడ్డుకు వెళ్ళి బల్లపరుపు రాళ్ళు ఏరుకొచ్చాను. పొయ్యి మీద కాల్చి, గోనెపట్టలో చుట్టి, ఫోము చాప ఎత్తి దాని కింద వరసగా పేర్చాను. మా ఊరి ఇళ్ళల్లో పొయ్యి వేడి నేల అడుగునుంచి పోతుంది, వెచ్చదనం నేల కిందనుంచే రావాలి. పుట్టినప్పటినుంచి నాకు తెలిసిన నేల అదే. గిజున్ చూసి తానూ ఎనిమిది రాళ్ళు కాల్చి తెచ్చాడు.

"ఆహా! దీన్నంటారు ఇల్లని," అంటూ పిన్ని నడుం వాల్చింది. ఆ తరవాత ఆవిడ గురక తప్ప చెప్పుకోవాల్సింది ఏమీ జరగలేదు.

తెల్లారి పిన్ని గొంతుకే మెలకువ వచ్చింది.

"ఏమే, రాత్రికి రాత్రి నేను లావైపోయానా?"

ఆవిడ పడుకున్న చోటు తొట్టిలా గుంటపడి ఉంది. ఆవిడ అందులో అటూ ఇటూ కదలలేక వెల్లకిలా ఉండిపోయింది. చెయ్యి పట్టి లేపి, చాప ఎత్తి చూశాను. రాళ్ళ కింద, నేలగుడ్డ అడుగున, నది నాలుగు వేళ్ళ లోతున కరిగిపోయింది. ఆ నీళ్ళు గుడారం అడుగునుంచి బయటికి పారి, అంచుల దగ్గర మళ్ళీ గడ్డకట్టాయి. గుడారం చుట్టూ నేల మీద పరుచుకునే గుడ్డని మేం పావడా అంటాం. బయటికి వచ్చి ఆ పావడాను తట్టి చూశాను. రాయిలా టకటకమంది.

ఓనరుగారు చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, విషయం విని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఐదేళ్ళుగా టెంట్లు కుడుతున్నావ్! ఫోము చాప ఉన్నదే వేడిని ఆపడానికి కదా అమ్మాయ్. దాని కింద రాళ్ళు పెడితే వేడి ఎవరికి పోతుంది? చేపలకి!"

"పాపం రాత్రంతా చేపలు దుప్పటి తన్నేసి పడుకునుంటాయి," అన్నాడు గిజున్.

"నువ్వు నవ్వకు. ఎనిమిది రాళ్ళు నీవి," అంది పిన్ని. "అయినా నాకు నిద్ర పట్టేదాకా వెచ్చగానే ఉంది. నాకదే లెక్క."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. లోపల నేలగుడ్డ ఎక్కడా తడవలేదని చెప్పాలనుకున్నాను. చెప్పేలోపే గాలి వచ్చింది.

మా లోయలో పొద్దుటి గాలి చెప్పి రాదు. ఎగువ కొండ సందులోనుంచి ఒక్కసారిగా నది మీద పడుతుంది. ఓనరుగారి గుడారం పొట్ట ఉబ్బించింది. ఒకవైపు మేకులు టప్ టప్ మని ఊడాయి. పొయ్యి అప్పటికే బయట పెట్టేశారు కాబట్టి బతికిపోయాం. గుడారం ఒకసారి తూలి, తరవాత పెళ్ళికి ఆలస్యమైన పెద్దమనిషిలా నది మీద జరజరా వెళ్ళిపోయింది.

"నా బూట్లు! లోపల నా బూట్లు!" అంటూ ఓనరుగారు పరుగెత్తారు. చెప్పు ఒకటి ఊడిపోయింది, ఆగలేదు. గిజున్ రెండుసార్లు జారి పడి, మూడోసారి లేవకుండా కూర్చున్నచోటునుంచే ముందుకు జారాడు. కింది వంపు దగ్గర గడ్డకు కన్నాలు వేసుకుని ఇద్దరు ముసలాళ్ళు చేపలు పడుతున్నారు. వాళ్ళలో ఒకాయన గాలం వదలకుండానే రెండో చేత్తో గుడారం తాడు పట్టేశాడు.

"మీదేనా?" అన్నాడు. "పొద్దుటినుంచి ఇదొక్కటే పడింది."

గుడారాన్ని ఈడ్చుకుని వాళ్ళు తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. నాది ఉన్నచోటే ఉంది. గాలి కొడుతుంటే కనీసం మడత కూడా మారలేదు. ఓనరుగారు దాని ఎదురుగా నిలబడి, రొప్పుతూ చాలాసేపు చూశారు.

"సరే," అన్నారు. "మాటంటే మాట. నాది సంచులకి. వచ్చే చలికాలానికి నీదే కుడదాం."

పిన్ని నా వీపు మీద ఒక్కటి చరిచింది. గిజున్ ఫొటో తీయబోయాడు. ఈ గుడారం గీసిన అక్టోబరునుంచి నేను కోరుకున్న మాట అదే. సంతోషంగా తలవంచి దణ్ణం పెట్టేసి ఊరుకోవచ్చు. కానీ రాయిలా టకటకమన్న ఆ పావడా చప్పుడు ఇంకా నా వేళ్ళలో ఉంది.

"కాదండీ," అన్నాను.

"ఏంటి కాదు?"

"ఇది నిలబడలేదు. అతుక్కుపోయింది. నేను చేసిన తప్పు దీన్ని పట్టుకుంది. నా కుట్టూ, నా గీతా ఏం చేస్తాయో మనం ఇంకా చూడనే లేదు."

"ఏడాదికోసారి నోరు తెరుస్తావ్," అంది పిన్ని, "అది ఇప్పుడే తెరవాలా?"

"అయితే ఏం చేద్దామంటావ్?" అన్నారు ఓనరుగారు. ఆయన నవ్వడం లేదు.

"విడదీసి మళ్ళీ వేద్దాం. ఉత్త మేకులతో. ఈ గాలి ఉండగానే."

విడదీయడం అనుకున్నంత తేలిక కాలేదు. ఓనరుగారు చాకు తీసి, పావడా కోసేస్తే నిమిషంలో వస్తుందన్నారు. నేను ఒప్పుకోలేదు. కోసిన పావడాతో నిలబడితే మాత్రం ఏం తెలుస్తుంది? గిన్నెలో నీళ్ళు గోరువెచ్చగా కాచి, ఒక్కో జాన మేర పోసి, చెక్క గరిటె కాడతో మెల్లగా లేపాను. గిజున్ నీళ్ళు అందించాడు. పిన్ని నన్నూ, నదినీ, గాలినీ వంతులవారీగా తిట్టింది. గంటన్నర పట్టింది. ఒక్కచోట బెత్తెడు చిరిగింది, మిగతాదంతా క్షేమంగా వచ్చింది.

మంచి గడ్డ మీదకు జరిపి, గుడారం వీపు గాలికి పెట్టి, ఎనిమిది మేకులు ఏటవాలుగా దిగ్గొట్టాను. అంతసేపూ ఎగిరిపోకుండా గిజున్ గుడారం మీద బోర్లా పడుకున్నాడు. పొయ్యి పెట్టలేదు, రాళ్ళు పెట్టలేదు, సామాను కూడా పెట్టలేదు.

"లేవన్నా," అన్నాను. లేచాడు.

గాలి వచ్చింది. గుడారం గుడ్ల మీద కూర్చున్న కోడిలా ఒదిగిపోయింది. గుడ్డంతా వణికింది, మళ్ళీ మెల్లగా లేచింది. రెండో విసురుకు గాలివైపు మేకు ఒకటి ఊడి, మంచు మీద గింగిరాలు తిరుగుతూ పోయింది. నేను ముందుకు ఉరకబోయాను. ఓనరుగారు నా కోటు చెయ్యి పట్టి ఆపారు.

"ముట్టుకోకు. నువ్వే కదా చూద్దామన్నావ్. చూడు."

చూశాను. ఊడిన మూల కొట్టుకుంది కానీ మిగతా ఏడూ పట్టుకున్నాయి. మూడో విసురు, నాలుగోది. తరవాత నేను లెక్క మానేశాను. ఓనరుగారు గడియారం చూస్తూ అరగంట నిలబెట్టారు మమ్మల్ని. పిన్ని ముక్కు ఎర్రగా అయిపోయింది, అయినా వ్యానులోకి వెళ్ళలేదు.

అరగంట అయ్యాక ఓనరుగారు పెన్సిలు చెవి మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, నా గుడారంలోకి పాకడం మొదలుపెట్టారు. సగం వెళ్ళాక ఆగిపోయారు. పొట్ట పట్టలేదు. కాళ్ళు బయట కొట్టుకున్నాయి. గిజున్ వెనకనుంచి తోశాడు. లోపలికి జారిపోయారు.

"ఓనరుగారూ?" అన్నాను.

"లోపల గాలే తెలియట్లేదే!" ఆయన గొంతు ఎవరితోనో కాక తనతోనే అంటున్నట్టు ఉంది. కాసేపటికి గట్టిగా వినిపించింది. "గిజునూ! రామ్యోన్ ఉడికించి ఇక్కడికే పట్రా. నేను బయటికి రాను. తలుపు ఒక జాన పెంచాలి, రాసుకో. గాలివైపు మూలల్లో రెండేసి మేకులు. పైకప్పుకి ఆవిరి పోయే కన్నం. అన్నీ రాసుకో."

"పుస్తకం మీ దగ్గరే ఉంది సారూ."

"అయితే గుర్తుంచుకో!"

ముగ్గురికని గీసిన గుడారంలో నలుగురం కూర్చున్నాం. మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతున్నాయి. మధ్యలో రామ్యోన్ నూడుల్స్ గిన్నె, నాలుగు జతల తినే పుల్లలు. ఓనరుగారి నెత్తి పైకప్పుకు తగిలి టోపీ కళ్ళ మీదకు జారింది, ఆయన సర్దుకోలేదు.

"మొదటి విడత ఎన్ని కుడదాం?" అన్నారు నా వైపు చూసి.

నన్ను ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అది. "నలభై," అన్నాను.

"నలభయ్యా! నా నడుం ఏమైపోవాలే?" అంది పిన్ని. "ఇరవై చాలు. మిగతా ఇరవై మీ ఇద్దరూ కూర్చుని కుట్టుకోండి."

"నాకు కుట్టు వచ్చని ఎవరన్నారు?" అన్నారు ఓనరుగారు.

"అదే కదా, నది మీద అందరం చూశాం."

ఓనరుగారు నవ్వబోతుండగా బయట అన్నిటికంటే పెద్ద విసురు వచ్చింది. గుడారం ఒక్కసారి లోపలికి ఒరిగింది. ఆయనా నేనూ ఒకేసారి తలెత్తి తలుపు పైన కుట్టు వైపు చూశాం. దారం బిగుసుకుంది, నిలబడింది. ఇంకో విసురు వస్తుందేమోనని అలాగే తలలెత్తి చూస్తూ ఉన్నాం.

తలలు దించేసరికి గిజున్ మా ఇద్దరి వంతు రామ్యోన్ కూడా తినేసి, గిన్నె ఎత్తి పులుసు తాగుతున్నాడు.