పైమన్ను పైనే

బేరంలో కనకమహాలక్ష్మిని గెలిచినవాళ్లు నాచారంలో ఇంకా పుట్టలేదు. తెనాలి నుంచి కాపురానికి వచ్చిన ఈ ముప్ఫై ఐదేళ్లలో ఎదుటివాళ్లు చెప్పిన ధరకే ఆమె కొన్నది ఒక్కటీ లేదు. రైల్వేలో రిటైరైన భర్త బుచ్చిబాబుకు బేరమంటేనే సిగ్గు. ఆటోవాడు ఎంతంటే అంత ఇచ్చి, పైగా థాంక్స్ చెప్పే మనిషి. అందుకే ఇంట్లో కొనడాలూ అమ్మడాలూ అన్నీ ఆమెవే.

ఇక సాలమ్మతో ఆమె బేరం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నారపల్లిలో వీళ్లకున్న అరెకరాన్ని ఎవరూ కబ్జా చేయకుండా కనిపెట్టుకుని ఉంటూ, తూర్పు అంచున బోరు పక్కన ఆకుకూర మళ్లు వేసుకుంటుంది సాలమ్మ. పద్దెనిమిదేళ్లుగా అదే ఆమె బతుకు. కౌలూ లేదు, కాగితమూ లేదు. వారానికి రెండుసార్లు గంప నెత్తిన పెట్టుకుని, బస్సెక్కి నాచారం వస్తుంది. తన భూమిలో పండిన గోంగూరకే కనకమహాలక్ష్మి గుమ్మంలో కూర్చుని పావుగంట బేరమాడుతుంది. చివర్న కొసరుగా నాలుగు కొత్తిమీర రెమ్మలు పడితే గానీ లేవదు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగుతారు.

అలాంటి ఇంటికి, గ్యాసు పైపులైను వేసే కంపెనీ నుంచి ఫణీంద్ర అనే ఆఫీసరు మ్యాపు పట్టుకుని వచ్చాడు పాపం.

"భూమి మీదే మేడమ్. కింద పైపు వేసుకునే హక్కు మాత్రం మాకిస్తారు. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెట్లు పెంచకూడదు. అందుకు పరిహారం ఇస్తాం."

మ్యాపులో ఎర్రగీత అరెకరాన్ని నడిమికి చీల్చింది. కనకమహాలక్ష్మికి ఒళ్లు మండింది.

"ఇలా నడుం విరగ్గొడితే రేపు దీన్ని ఎవరు కొంటారు బాబూ? అంచుకు జరుపు."

మూడు వారాలు పట్టింది. ఆరుసార్లు వచ్చి, ఆరు కాఫీలు తాగి, చివరికి ఫణీంద్ర గీతను తూర్పు అంచుకు జరిపించాడు. ఆ పూట ఆమె పాయసం వండింది.

మర్నాడు హద్దులు చూసుకోవడానికి ఫణీంద్రతో కలిసి నారపల్లి వెళ్లింది. ఎర్రజెండాలు పాలకూర మళ్ల మధ్య వరసగా నిలబడి ఉన్నాయి. మ్యాపులో అంచు ఉంది గానీ మళ్లు లేవు. మూడు వారాల్లో ఒక్కసారైనా ఆ సంగతి తనకు తట్టలేదు.

"ఫణీంద్రా, గీతను మళ్లీ నడిమికే జరుపు."

"మేడమ్! మీరే కదా..."

"నేనే. నష్టమొస్తే నాకొస్తుంది, జరుపు."

సాలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఆగమ్మా. సారూ, జర ఒక్క మాట. గీ పట్టీల ఇల్లు కట్టరాదా?"

"కట్టకూడదు."

"ఎన్నడూ? భూమి వేరేటోళ్లు కొన్నా?"

"ఎవరు కొన్నా అంతే."

"తోటకూర ఏసుకోవచ్చునా?"

"పైపు వేశాక వేసుకోవచ్చు. వేళ్లు లోతుకు పోనివి ఏవైనా సరే."

సాలమ్మ గట్టు మీద కూలబడి నవ్వింది. "అయితే గీడనే ఉండనియ్యమ్మా. ఇల్లు కట్టరాని జాగ కూరకే మిగుల్తది. సుట్టూ అన్నీ ప్లాట్లయినయ్. నీ గడప తొక్కినప్పుడల్లా, భూమి అమ్మేసిన అంటవేమో అని నా పానం కొట్టుకునేది. అడగనీకి భయమైతుండె."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పద్దెనిమిదేళ్లు రెండు రూపాయల కోసం ఆ మొహంలోకి చూస్తూ బేరమాడిన తనకు ఆ భయం కనబడలేదు. కనకమహాలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మన్ను ఒక్కటే ఫికరు," అంది సాలమ్మ. "ఇన్నేండ్లు పెంట ఏసి జేసుకున్న మన్ను. తవ్వి కిందికి తోస్తే మళ్ల రాదు."

కనకమహాలక్ష్మి ముక్కు చీది ఫణీంద్ర వైపు తిరిగింది. "బేరం అయింది. ఇక కొసరు. మూరెడు పైమన్ను విడిగా కుప్ప పోసి, పైపు పూడ్చాక మళ్లీ పైనే పరవాలి. పంట నష్టం సాలమ్మ పేరున ఇవ్వాలి. రాయి."

"ఫారంలో అంత చోటు లేదు మేడమ్."

"వెనకవైపు ఖాళీగానే ఉందిగా."

అతను రాశాడు. ఆమె చదివి సంతకం పెట్టి, ఇంకో తెల్లకాగితం అడిగి తీసుకుంది. గట్టు మీద సాలమ్మ పక్కనే కూర్చుని, అతని దగ్గర నేర్చుకున్న మాటలే రాసింది: ఈ పట్టీ భూమి నాది. దీని మీద కూర పండించుకునే హక్కు సాలమ్మది.

చదివి వినిపిస్తే సాలమ్మ ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "కౌలెంత?"

"వారానికి రెండు కట్టల గోంగూర."

"రెండా? ఒక్కటే ఇస్త."

కనకమహాలక్ష్మి నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. "సరే, ఒకటే," అంది.

"గట్లెట్లమ్మా, అప్పుడే ఒప్పుకుంటివి!" అంటూ సాలమ్మ లేచి మడిలోకి దిగి, కొసరుగా ఆమె ఒడి నిండా కొత్తిమీర కోసి పోసింది.