గుత్తి దగ్గర ఒక చుక్క

గాలికి వేరుశనగ పొట్టు వాసన.

గుత్తిలో మాఘమాసపు పొద్దుటి గాలి అలాగే ఉంటుంది. పొట్టు, ఎర్రమట్టి, స్టేషన్ వైపు నుంచి వేడెక్కుతున్న ఇనుము. ముక్కు ఎండిపోతుంది. పెదవులు పగులుతాయి.

ఆ గాలికి ఎదురుగా, నెత్తిన టోపీని రెండు చేతులా అదిమి పట్టుకుని, ఒక తెల్లాయన సందులోకి నడిచి వచ్చాడు.

పేరు హెన్రీ కెస్టాలో.

గడపలో కూర్చుని జాకెట్ కుడుతున్న పుష్పావతి మిషన్ ఆపింది. ఆమె ఇంటిపేరూ అదే. కెస్టాలో పుష్పావతి.

ప్రపంచం మొత్తం మీద ఆ ఇంటిపేరు ఉన్నవాళ్లు ఒక పెళ్లి పందిట్లో పట్టేస్తారు. వాళ్లలో ఇద్దరు ఆ పూట ఒకరినొకరు చూసుకున్నారు.

ఆ పేరుతో పుష్పావతికి ఏనాడూ పడలేదు.

బడిలో చేరిన రోజే పంతులు దాన్ని పలకలేక, విసుగొచ్చి, కష్టాల పుష్పావతి అని రాసుకున్నాడు. అప్పటి నుంచి వాళ్లది కష్టాలోళ్ల ఇల్లు. కొళాయి దగ్గర కష్టాలోళ్ల బిందె. ఆధార్‌లో కస్తాల. రేషన్ కార్డులో కేస్టలు. ఓటరు కార్డులో అసలు లేనే లేదు... ఉత్త పుష్పావతి.

ఏ ఆఫీసు మెట్లెక్కినా ఒకటే ప్రశ్న.

"ఇదేం పేరమ్మా? మీరు ఈడోళ్లేనా?"

ఈడోళ్లమే. ఈడోళ్లమే. ఎన్నిసార్లు చెప్పాలి?

పెళ్లయ్యాక ఆ పేరు వదిలింది. హమ్మయ్య అనుకుంది. అత్తవారి ఊరు విడపనకల్లులో మొగుడు ఆమెను వదిలేశాడు. మళ్లీ అదే గడప. మళ్లీ అదే పేరు.

తమ్ముడు శశికుమార్ గడుసువాడు. ఉరవకొండ అవతల గాలిమరల దగ్గర ఉద్యోగం. అక్కడ వాడు కె. శశికుమార్. కె అంటే ఏంటని ఎవరైనా అడిగితే, "ఏం లేదన్నా, కె అంతే" అంటాడు.

ఒక్క నాయనకే ఆ పేరంటే ప్రాణం.

నాయన యేసన్న. రైలు పట్టాల వెంట సుత్తి భుజాన వేసుకుని బతుకంతా నడిచినవాడు. ఇప్పుడు నడుము వంగింది. ఆ మాట మాత్రం వంగలేదు. తనను గడప బయటే నిలబెట్టి నీళ్లు పోసిన ఇళ్ల ముందు కూడా తలెత్తి అనేవాడు: "మాది దొర రక్తం."

వాళ్లు నవ్వేవారు.

ఆయన మళ్లీ అనేవాడు.

స్టేషన్ వెనక తెల్లవాళ్ల పాత శ్మశానం ఉంది. అంతా కంపచెట్లు. ఒక మూల రాతి సమాధి. రాతి మీద పేరు సగం రాలిపోయింది. జేమ్స్ కెస్టాలో. ఏటా నవంబరులో వచ్చే సమాధుల పండుగకు యేసన్న దానికి సున్నం కొడతాడు. అంతకుముందు ఆయన నాయన కొట్టాడు. అంతకుముందు జేజినాయన. చిన్నప్పుడు బకెట్ మోసింది పుష్పావతి. సున్నం పడి వేళ్ల సందులు పొక్కేవి. ఏడ్చేది.

ఎవరికోసం నాయనా?

మన దొర తాత కోసం పాపా.

హెన్రీ భూగోళం చెప్పి రిటైరైన పంతులు. భార్య పోయాక ఆయనకు ఒకటే వ్యాపకం — తన ఇంటిపేరు భూమి మీద ఎక్కడెక్కడ ఉందో వెతకడం. శశికుమార్ తన పేరు పూర్తిగా రాసుకున్నది ఒక్క ఫేస్‌బుక్‌లోనే, అదీ కాలేజీ రోజుల్లో సరదాకి. ఆ ఒక్క దారం పట్టుకుని హెన్రీ ఇంత దూరం వచ్చాడు.

నులకమంచం మీద పటం పరిచాడు. గాలికి ఎగరకుండా పుష్పావతి కత్తెర బరువు పెట్టింది. హెన్రీ చెబుతుంటే, సెలవు పెట్టి వచ్చిన శశికుమార్ తెలుగు చేశాడు.

ఇంగ్లండుకు నైరుతి మూల. సముద్రంలోకి పొడుచుకుపోయిన నేల కొస. అక్కడ మూడు పల్లెలు. కెస్టాలోలందరూ పుట్టింది ఆ మూడు పల్లెల్లోనే. తగరపు గనుల్లోకి దిగేవాళ్లు. గనులు మూతపడ్డాయి. పొయ్యిలు ఆరిపోయాయి. పేరు ఓడెక్కింది.

ఆస్ట్రేలియాలో రాగి గని పక్కన ఒక చుక్క.

దక్షిణాఫ్రికాలో బంగారు గని పక్కన ఒక చుక్క.

నేలను తవ్వే పని ఎక్కడుంటే అక్కడ, ఆ పేరు ఒక చుక్క.

శశికుమార్ పూర్తి చేయకముందే యేసన్నకు అర్థమైంది.

"వలస పోయినారు," అన్నాడు. "మనోళ్లు బెంగుళూరు పోయినట్ల."

మరి పేరుకు అర్థం? వాళ్ల పాత భాషలో అది కోటకు సంబంధించిన మాటట. కోట కింద బతికేవాళ్లు అనట. యేసన్న మెల్లగా తల తిప్పాడు. ఇళ్ల పైన ఎండలో నిలబడ్డ గుత్తి కొండకోటను చూశాడు. పకపకా నవ్వాడు.

"మేమూ కోట కిందోళ్లమే గదా తమ్ముడా!"

తమ్ముడా.

ఆ మాటేమిటని హెన్రీ అడిగాడు. మరి తనేమని పిలవాలని అడిగాడు. నేర్చుకున్నాడు.

"అన్నా," అన్నాడు.

మంచం మీద ఇద్దరు ముసలివాళ్లు. ఒకరు నల్లగా, ఒకరు ఎర్రగా. ఇద్దరి కళ్లూ తడిగా.

అప్పుడు యేసన్న తన కథ చెప్పాడు. రైలు కట్ట వేసే రోజుల్లో బండలు పేల్చే మేస్త్రీగా జేమ్స్ దొర వచ్చాడు. పెద్ద కరువు కాలం. కట్ట మీద మట్టితట్టలు మోసే కూలీల్లో తిమ్మక్క ఒకతె. దొర ఆమెను చేసుకున్నాడు. కొడుకు పుట్టాడు. కలరా తగిలి దొర పోయాడు.

"ఆ కొడుకే మా జేజినాయన. నేను ఆయప్ప మనమణ్ని. అదీ కథ."

అందరూ శ్మశానానికి వెళ్లారు. హెన్రీ మోకాళ్ల మీద కూర్చుని, రాలిపోయిన అక్షరాలను వేలితో తడిమాడు. చుట్టూ అన్ని సమాధులూ కూలి, కంపలో కలిసిపోయి ఉన్నాయి. ఇదొక్కటే ఇలా ఎలా నిలబడిందని అడిగాడు.

యేసన్న రొమ్ము తట్టుకున్నాడు.

ఆయన మనసులోని కోరిక అప్పుడు బయటికొచ్చింది.

"నన్నూ ఈడనే పెట్టాల తమ్ముడా. ఈయప్ప పక్కన. శ్మశానం కమిటీ వాళ్లు మీకేం సంబంధమని అడుగుతాండారు. నా మాట ఇనరు. నువ్వు చెప్పు. తెల్లోని మాటైతే ఇంటారు."

తప్పకుండా, అన్నాడు హెన్రీ. అక్కడికక్కడే పటం విప్పాడు. గుత్తి దగ్గర ఒక చుక్క పెట్టాడు.

పెన్సిల్‌తో.

మిగతా చుక్కలన్నీ సిరాతో ఉన్నాయి. పుష్పావతి చూసింది.

వెళ్లే ముందు ఆయన సంచిలోంచి చిన్న గాజు గొట్టం తీశాడు. అందులో ఉమ్మాలన్నాడు. ఊరికే, పద్ధతి ప్రకారం... అంతే. యేసన్న నోరు పుక్కిలించి, తలపాగా తీసి, ప్రభు భోజనం తీసుకునేంత శ్రద్ధగా ఆ గొట్టంలో ఉమ్మాడు.

ఎండాకాలం వచ్చింది. పోయింది.

ఒక్క వాన కురిసింది. ఆ పదునుకే అందరూ విత్తనం వేశారు. మళ్లీ చినుకు లేదు. పడమటి నుంచి మబ్బులు వచ్చేవి. నల్లగా, నిండుగా వచ్చేవి. కొండల మీద గాలిమరలు గిరగిరా తిరిగేవి. మబ్బులు అటే పోయేవి. వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగే వేళకు నేల రాయిలా బిగుసుకుంది.

"ఫోన్ వచ్చెనా?"

"రాలేదు నాయనా."

"మ్యాపు ఇంకా కాలేదేమో."

"ఏమో నాయనా."

రోజూ అదే. వస్తుంది, వస్తుంది అని వీధంతా చెప్పుకొచ్చాడు. కమిటీ పెద్దమనిషికీ చెప్పాడు. మా తమ్ముడు చేస్తాండాడు, ఆగండప్పా అన్నాడు.

పుష్పావతి కూడా మారింది. తనకే తెలియకుండా. ఒకరోజు బ్యాంకులో కుర్రాడు కష్టాల అని రాస్తుంటే ఆపింది. "క కాదు సారూ. కె. కెస్టాలో. సరిగా రాయండి," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంటికి నడుస్తూ ఆ పేరును నోట్లోనే మరోసారి అనుకుంది.

బాగుంది.

ఇన్నేళ్లకు... బాగుంది.

సమాధుల పండుగకు ముందు వారం శశికుమార్ ఫోన్ మోగింది. తెర మీద హెన్రీ ముఖం. వెనక కిటికీ. కిటికీ అద్దం మీద వాన కారుతోంది. ధారగా కారుతోంది.

యేసన్న ఫోన్‌ను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "తమ్ముడా! అన్నం తింటివా?"

"మిస్టర్ యేసన్న," అన్నాడు హెన్రీ.

పుష్పావతికి అప్పుడే తెలిసిపోయింది.

మాట తెగి తెగి వచ్చింది. ముఖం గడ్డకట్టి, మళ్లీ కదిలింది. శశికుమార్ ఒక్కో ముక్కా తెలుగు చేశాడు. చేస్తూ చేస్తూ తల దించుకున్నాడు. ఉమ్మి పరీక్షలో రక్తం కలవలేదట. ఎక్కడా కలవలేదట. ఆయనతోనే కాదు, ఆ మూడు పల్లెల్లో ఎవరితోనూ. చాలా బాధపడుతున్నాడట. పటం అచ్చుకు పోతోంది కాబట్టి గుత్తి చుక్క... తీసేయక తప్పలేదట. కమిటీకి అబద్ధం రాయలేడట.



"ఇంకా ఏమంటాండాడు?" అన్నాడు యేసన్న.

"ఒక సాయం అడుగుతాండాడు నాయనా. ఈ ఏడు కూడా... సమాధికి సున్నం కొట్టి ఫోటో పంపమంటాండాడు. పుస్తకంలో ఏసుకుంటాడంట."

పుష్పావతి నవ్వింది. అది నవ్వు కాదు.

"చుక్క తుడిపేసినాడు. సున్నం మాత్రం మనమే కొట్టాలంట!"

యేసన్న ఫోన్‌ను ముఖానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే సిగ్నల్ పోయింది. తెర నల్లబడింది. ఆ నల్లటి తెరకే చెప్పాడు.

"నా ఉమ్మిని అడిగినావే. నన్ను అడిగినావా?"



"పోనీలే నాయనా," అన్నాడు శశికుమార్. "ఆ పేరుతో మనకేం ఒరిగింది గనక."

"పేరు తీసేస్తే ఏం మిగుల్తాదిరా నాకు? పో. పోయి తిమ్మక్కనే అడుగు, నీ కొడుకు ఎవరికి పుట్టినాడని. పోరా!"

తిమ్మక్క ఎక్కడుంది? ఆమెకు సమాధి లేదు. రాయి లేదు. ఏ పటం మీదా చుక్క లేదు.

దొర రాకముందే ఆమె ఒళ్లో బిడ్డ ఉన్నాడేమో. కరువులో ఎవరో వదిలేసిన పసివాణ్ని ఎత్తుకుందేమో. కలరా అనగానే అందరూ పారిపోతే, దొర శవం దగ్గర ఆమె ఒక్కతే మిగిలిందేమో. నీకేమవుతాడే అని ఎవరో అడిగితే — "నావాడే" అందేమో.

ఏమో.

ఇవేవీ ఆ గొట్టంలో పట్టవు.

పుష్పావతికి కోపం వచ్చింది. హెన్రీ మీద వచ్చింది. కథ ఏదో ఒకటి సరిగ్గా చెప్పిపోని తిమ్మక్క మీద వచ్చింది. నవ్వేవాళ్ల ముందు పేరును జెండాలా ఎగరేసిన నాయన మీద వచ్చింది. పుట్టినప్పటి నుంచి విదిలించుకోవాలనుకున్న పేరు. ఇప్పుడు ఎవరో విదిలిస్తే ఈ నొప్పేమిటి? తన మీద తనకే వచ్చింది.

పండుగ రోజు యేసన్న సున్నం అడగలేదు.

కర్ర తీసుకుని, చెప్పకుండా బయటికి పోయాడు. పుష్పావతి మిషన్ ముందు కూర్చుంది. నేను పోను అనుకుంది. దారం తెగింది. ఎక్కించింది. మళ్లీ తెగింది. రోడ్డవతల తమ వాళ్ల సమాధుల తోట నుంచి పాటలు వినిపిస్తున్నాయి. బంతిపూల మూటలతో జనం వెళుతున్నారు. దారం మళ్లీ తెగింది.

లేచింది. అంగడికి పోయి సున్నం తెచ్చింది. నీళ్లు పోసింది. బకెట్ బుసబుసా పొంగింది. అడుగడుగునా తిట్టుకుంటూ మోసింది. ఎవరిని తిడుతోందో తెలియకుండా తిట్టింది.

కంపచెట్ల మధ్య సమాధి ఏడాది దుమ్ముతో ఎర్రగా ఉంది.

దానికి వీపు ఆనించి యేసన్న కూర్చుని ఉన్నాడు.

కూతుర్ని చూశాడు. బకెట్‌ను చూశాడు.

"ఎవరు తెమ్మన్నారు నిన్ను?"

"ఎవరూ చెప్పలేదు."

"వానికి ఫోటో పంపాలనా?"

"థూ. వానికెందుకు పంపుతా?"

"మరి ఎందుకు తెచ్చినావు?"

ఆమె బకెట్‌ను ఇంకో చేతికి మార్చుకుంది.

"నువ్వెందుకు వచ్చినావు?" అంది.

యేసన్న కర్ర కొసతో దుమ్ము గీకాడు.

బకెట్ కింద పెట్టింది. సమాధికి రెండో వైపు తనూ చతికిలబడింది. కుంచె ఒళ్లో పెట్టుకుంది. మధ్యలో రాయి. రాయి కింద ఎవరివాడో తెలియని మనిషి. మిట్టమధ్యాహ్నపు ఎండ. కట్ట మీద గూడ్సు బండి ఒకటి వచ్చి, చాలాసేపు నడిచి, వెళ్లిపోయింది.

సున్నం మీద పొర కడుతోంది.

"గట్టిపడిపోతాంది నాయనా."

"పడనీ."

ఆయన లేవలేదు. ఆమె లేవలేదు. ఎవరూ కుంచె ముట్టలేదు. ఎవరూ ఇంటికి పోదామనలేదు.

కంపచెట్ల మీదుగా గాలి లేచింది. బకెట్‌లో తెల్లటి పొర ఒకచోట చిట్లింది.