రోగి ఒక్కడే ఉన్నాడు

పొద్దున్న ఏడుంపావు. గాష్పార్ పెన్సిలు మొన నాలుకకి తాకించి పట్టీలో రాశాడు: “రోగి ఒక్కడే ఉన్నాడు. ఇద్దరికి ముక్కలు పంచాడు. నవ్వాడు. మాట్లాడాడు.” రాసి, తన చేతిలో పేకముక్కలు సర్దుకుని గంటల గుర్తు రాజుని దించాడు. దిళ్లకి ఆనుకున్న వెండెల్ దాన్ని తురుఫుతో కొట్టి దగ్గాడు. దగ్గుతూనే నవ్వాడు. నిమోనియా వచ్చి ఇవాళ్టికి ఆరో రోజు.

గాష్పార్‌కి యాభై నాలుగేళ్లు. ఎడమ చెవికి తమ్మె లేదు. కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక రోగి కొరికేశాడు. నడుముకి వేలాడే తాళంచెవి రాసుకుని రాసుకుని కోటు అక్కడ తెల్లబడింది. బుడా కొండ మీది ఆ పిచ్చాసుపత్రిలో పంతొమ్మిదేళ్లుగా అతని పని ఒకటే: ఏడో నంబరు గదిలో కూర్చోవడం, పదిహేను నిమిషాలకోసారి వెండెల్ ఏం చేశాడో రాయడం.

ప్రొఫెసర్ సోంబాతి రోగిని ఏదీ అడగడు. కదిలించకుండా చూడాలి, చూసింది చూసినట్టు రాయాలి, ఒక్క మనిషిని ఏళ్ల తరబడి అలా చూస్తే మనసు గుట్టంతా బయటపడుతుందని ఆయన నమ్మకం. వెండెల్ ఒకప్పుడు రైల్వేలో సిగ్నల్ మనిషి. తమ్ముడు తీసా నదిలో పోయిన దగ్గర్నుంచి డాక్టర్ల ఎదుట నోరు విప్పలేదు. అందుకని ఆయనకి పట్టీలే ఆధారం. తలుపుకున్న గాజు కన్నంలోంచి మంచం, సగం బల్ల కనిపిస్తాయి. గాష్పార్ కుర్చీ కనిపించదు.

మొదటి వారం గాష్పార్ పట్టీలో “నేనూ ఉన్నాను, నాతో మాట్లాడాడు” అని రాశాడు. ప్రొఫెసర్ కుర్రడాక్టర్లందరి ముందూ దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, గదిలో పొయ్యి కూడా ఉంది, దాని సంగతీ రాస్తావా అని అడిగాడు. అందరూ నవ్వారు. గాష్పార్ చదివింది నాలుగో తరగతి. నవ్విన ముఖాలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి చెప్పింది చెప్పినట్టే రాశాడు. రోగి ఒక్కడే ఉన్నాడు. ఎవరితోనో వాన గురించి మాట్లాడాడు. ఎవరినో దొంగాట ఆడావని తిట్టాడు. నాలుగేళ్లకి ప్రొఫెసర్ పుస్తకం వచ్చింది: రోగి చనిపోయిన తమ్ముడితో పేక ఆడుతున్నాడు, రెండో చెయ్యి ఆ తమ్ముడిదే! జర్మన్లోకి వెళ్లింది, మూడు ముద్రణలు పడ్డాయి. ముద్రణ పడ్డప్పుడల్లా గాష్పార్ వంటగదికి పోయి, పందికొవ్వు పూసిన రొట్టె పచ్చి ఉల్లిపాయతో మరో ముక్క ఎక్కువ తినేవాడు. ఆయన ఎంత ఎత్తుకి ఎక్కితే అంత మంచిది. కింద నిచ్చెన పట్టుకున్నది తను.

పదింటికి వంటమనిషి ఎటెల్క టీ, రోగికని ఓ నిమ్మకాయ పట్టుకొచ్చింది. “బాబాయ్, మీ ప్రొఫెసర్ గురువారం వియన్నాలో ఉపన్యాసమట. నిన్నూ పెట్టెలో సర్దుకుపొమ్మను,” అంది.

“నేను లేకపోతే ఆ పెట్టెలో ఏముంటుందే?” అన్నాడు గాష్పార్ ముక్కు చీదుకుంటూ.

పన్నెండింటికి వెండెల్ ముక్కలు పట్టుకోలేకపోయాడు. గాష్పార్ ఇద్దరి చేతులూ తనే ఆడి, వెండెల్నే గెలిపించాడు. రెండున్నరకి వెండెల్ అతని కోటు పట్టుకుని దగ్గరికి లాగి ఏదో చెప్పాడు. మూడయ్యేలోపల ఊపిరి ఆగిపోయింది. గాష్పార్ కళ్లు మూసి, గడ్డానికి గుడ్డ కట్టి, పట్టీలో టైము వేశాడు.

ప్రొఫెసర్ కలం మూత తీస్తూనే వచ్చాడు. శవం వంక చూడలేదు.

“ఆఖరున తమ్ముడితో ఏమన్నాడు?”

“తమ్ముడితో ఏమీ అనలేదు అయ్యగారూ. నాతో అన్నాడు.”

“నీతోనా?”

“ముక్కలు పంచిందీ నాకే. పంతొమ్మిదేళ్లూ. మొదట్లో రాస్తే మీరే కొట్టేశారు.”

ప్రొఫెసర్ చేతిలో కలం అలాగే ఉండిపోయింది. కుర్చీని చూశాడు, బల్లని చూశాడు, గాజు కన్నాన్ని చూశాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. ఈ క్షణం కోసమే గాష్పార్ ఇన్నేళ్లు బతికాడు. ఇంకొంచెం సేపు చూద్దామనుకున్నాడు.

“మామూలుగానే మాట్లాడేవాడా?” అన్నాడు ప్రొఫెసర్ చాలా నెమ్మదిగా.

“మీకంటే నయంగా.”

“ఆ సంగతి తెలిసుంటే ఎప్పుడో ఇంటికి పంపేవాణ్ణి కదయ్యా. ఆర్నెల్లు కూడా ఉంచేవాణ్ణి కాదు.”

ఈ మాట గాష్పార్‌కి కొత్త కాదు. రెండు మూడుసార్లు తనంతట తనకే తోచింది. తోచినప్పుడల్లా ముక్కలు కలిపి పంచమన్నాడు. పగ సగం, వెండెల్ వెళ్లిపోతే తనతో ఆడేవాడెవడన్న భయం సగం. ఏది ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేడు.

“ఏమన్నాడో అదైనా చెప్పు,” అన్నాడు ప్రొఫెసర్.

“చెప్పను,” అన్నాడు గాష్పార్.

ప్రొఫెసర్ వెళ్లిపోయాడు. కారిడార్లో ఆయన అడుగులు ఒకచోట ఆగి, మళ్లీ కదిలాయి. గాష్పార్ మంచం దగ్గరికి వెళ్లాడు. “నీకు జలుబు చేసిందిరా. నాకిచ్చింది దాచాను, టీలో పిండుకో.” రెండున్నరకి కోటు పట్టుకుని వెండెల్ చెప్పింది అంతే.

దిండు ఎత్తాడు. పచ్చని నిమ్మకాయ, ఒక పక్క తల బరువుకి నొక్కుకుపోయి, ఇంకా వెచ్చగానే ఉంది.