అక్కను పొమ్మనే తేదీ

ఆక్లాండ్ విమానాశ్రయంలో, టోంగా దీవుల ఆచారం ప్రకారం నడుముకు పండగ చాప చుట్టుకుని, లవీనియా దర్జాగా ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు నిలబడింది. ఆమె అల్లాటప్పా పని మీద రాలేదు మరి. తమ్ముడు సోసయా కొడుకు పెళ్ళి రేపే. టోంగావాళ్ళ పెళ్ళిలో మేనత్తదే పెద్దపీట. ఆమె లేని పెళ్ళికి ఎంత ఖర్చు పెట్టినా కళ రాదు.

"తిరుగు టికెట్ ఏది పెద్దమ్మా?" అని అడిగాడు కౌంటర్‌లోని మోసేసే. అతనూ టోంగా కుర్రాడే, కాకపోతే పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే.

"లేదు నాయనా. మా తమ్ముడు రావడానికే పంపాడు."

"మరి ఎప్పుడు వెళ్తారు?"

"అదీ వాడే చూసుకుంటాడు."

అక్కడే వచ్చింది చిక్కు. తిరుగు టికెట్ లేని చుట్టాన్ని లోపలికి రానివ్వాలంటే, ఎవరో ఒకరు ఫలానా రోజు పంపిస్తామని పూచీ పడాలి. లేకపోతే సాయంత్రం విమానంలో వెనక్కే. మోసేసే సోసయాకు ఫోన్ చేసి, లవీనియాకు కూడా వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"మీ అక్కగారిని ఎప్పుడు పంపిస్తారు సార్?"

అవతల సోసయా గయ్యిమన్నాడు.

"అదేం ప్రశ్న బాబూ! ఆవిడ మా అక్క. నువ్వసలు టోంగా బిడ్డవేనా?"

"టోంగా బిడ్డనే సార్. మా అమ్మ ముందు మా మామయ్య ఇప్పటికీ నోరెత్తడు. కానీ నా ఉద్యోగానికి అవన్నీ తెలీవు కదా! మీరు తేదీ చెప్పకపోతే ఆవిణ్ణి ఈరోజే పంపించేసినట్టవుతుంది."

"నా నోటితో అక్కను పొమ్మనాలా? దానికంటే నాలుక తెగ్గోసుకోవడం నయం!" అన్నాడు సోసయా.

లవీనియాకు ప్రాణం ఉసూరుమంది. చిన్నప్పుడు వీడు ఆమె చంక దిగేవాడు కాదు. నూనూగు మీసాలు రాగానే, ఆచారం ప్రకారం వాడి పడక వేరే ఇంటికి మారింది. ఆనాటి నుంచి అక్క ఎదుట కూర్చోలేదు, నవ్వలేదు, ఒక్క మాటకు ఎదురు చెప్పలేదు. ఏం కావాలన్నా మధ్యలో మూడో మనిషి ఉండాల్సిందే. మర్యాద మంచిదే, కాదనలేం. కానీ దానికి ప్రేమగా పలకరించడం తెలియదు. ఆ మర్యాదను తలుచుకుని ఆమెకు ఎన్నోసార్లు ఒళ్ళు మండింది.

"వాడితో చెప్పు నాయనా," అంది మోసేసేతో. "రెండు వారాలకి టికెట్ కొనమను. అక్క ఆజ్ఞ అని చెప్పు. కొత్త కోడలొచ్చే ఇంట్లో నేను నెలల తరబడి తిష్ట వేస్తే ఏం బాగుంటుంది?"

ఆమెకు ఉండాలనే ఉంది. అదే అసలు బాధ.

"విన్నానని, అలాగేనని అక్కతో చెప్పు బాబూ," అని సోసయా ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి టికెట్ వచ్చింది. దాన్ని చూడగానే మోసేసేకు నవ్వు ఆగలేదు.

"పెద్దమ్మా, మీరన్నది రెండు వారాలే కదా? ఈయన మూడు నెలలకి కొన్నాడు. మీ వీసాకి అదే ఆఖరి రోజు. ఇంకొక్క రోజు దాటినా నేనే ఒప్పుకునేవాణ్ణి కాదు!"

"ఏమిటీ, నా మాట కాదన్నాడా?"

పుట్టి బుద్ధెరిగాక సోసయా అక్క మాట జవదాటడం ఇదే మొదలు. లవీనియా కళ్ళు నిండిపోయాయి. ఇంత సంతోషం ఆమెకు ఈ మధ్యకాలంలో కలగలేదు.

"పొగరెక్కింది వెధవకి," అంటూ పాస్‌పోర్టు అందుకుని పరుగులాంటి నడకతో బయటికి వచ్చింది.

సోసయా తన భార్య వెనక తలొంచుకుని నిలబడ్డాడు, దెబ్బలకు సిద్ధమైన పిల్లాడిలా.

"ప్రయాణం బాగా జరిగిందేమో అక్కని అడుగు," అన్నాడు భార్యతో.

ఆవిడ నోరు తెరిచేలోపే లవీనియా ఆమెను దాటుకుని వెళ్ళి తమ్ముడి నెత్తి మీద చెయ్యి వేసింది. ఫోటోల్లో ఎప్పుడు చూసినా టోపీ పెట్టుకుని ఉండేవాడు. ఇప్పుడు అరచేతికి నున్నగా తగిలింది.

"ఒరే, జుట్టంతా ఏమైపోయిందిరా?"

సోసయా తన భార్య వైపు చూశాడు. ఆవిడ కావాలనే మొహం పక్కకు తిప్పుకుంది.

"ఊడిపోయిందక్కా," అన్నాడు సోసయా.