అక్కవైపు రోడ్డు

పెద్దరోడ్డు మీద తెల్లగీతలు వేసే చెల్లెలికి పొద్దున లేవగానే ఒకటే ధ్యాస: తన ఇంటి కిటికీలోంచి అవతలి వైపున్న అక్క కుట్టుకొట్టు కనబడుతోందా లేదా అని. కనబడేది గానీ, రోజురోజుకీ చిన్నదైపోతోంది. రాత్రి రోడ్డు మళ్ళీ కాస్త పెరిగిందన్నమాట.

పెరగదూ మరి! అమ్మ పోయిన రోజు అక్క ఆలస్యంగా వస్తే, "రోడ్డు దాటి రావడానికి ఇంతసేపా?" అని చెల్లెలు అందరి ముందూ కడిగిపారేసింది. అక్క వెనుదిరిగి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచే రోడ్డు వెడల్పవడం మొదలెట్టింది. జనం సర్దుకుపోయారు. అవతలికి వెళ్ళాలంటే క్యారేజీ కట్టుకుని బయల్దేరేవాళ్ళు. మేస్త్రీ మాత్రం "మళ్ళీ రంగు చాల్లేదు" అని సణిగేవాడు.

ఆ మేస్త్రీయే ఓ పొద్దున చెప్పాడు. "మీ అక్క కొట్టు ఎత్తేస్తోందటమ్మా. సాయంత్రం బస్సుకి ఊరు విడిచి వెళ్ళిపోతోందట."

చెల్లెలు అవతలి వైపు చూసింది. పిలిస్తే వినబడేంత దూరమా అది! "ఇవాళ నడిచేవాళ్ళు రోడ్డు దాటే చారలు నేనే వేస్తాను, అవతలి దాకా" అంది.

తడిరంగు తొక్కకూడదు కనక ఆ పని వెనక్కి నడుస్తూనే చెయ్యాలి. అక్కవైపు వీపు పెట్టి, చార వెనక చార వేసుకుంటూ పోయింది. ఆగిన బళ్ళన్నీ హారన్లు మోగించాయి. మోగించుకోనీ! తిట్టినా సరే, ఒక్కసారి అక్క మొహం చూస్తే చాలనుకుంది.

రోడ్డు మధ్యకొచ్చేసరికి వీపు ఎవరికో తగిలింది. తిరిగి చూస్తే అక్క, చేతిలో సంచీ.

"ఎప్పుడనగా బయల్దేరావక్కా?"

"తెల్లారకముందే. చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు. ఏం, ఇంతసేపా అని అడగవేం?"

చెల్లెలు బావురుమంది. "తప్పయిపోయిందక్కా. నన్నొదిలి వెళ్ళకు."

"ఊరుకోవే పిచ్చిదానా, రంగు పాడవుతుంది" అంటూ అక్కా ఏడ్చింది.

ఇద్దరూ రోడ్డు మధ్య దిమ్మ మీద కూర్చున్నారు. అమ్మ కసుర్లు తలుచుకుని నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. చారలు ఎప్పుడు ఆరాయో చూసుకోలేదు.

సాయంత్రం బస్సొచ్చింది. వీధి మొగలోనే ఆగిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఈ సందులో బస్సెలా పడుతుందండీ?" అని విసుక్కుని, వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

అక్క సంచీ చెల్లెలి చేతికిచ్చింది. కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపి కొట్టు తాళం తీసింది.