ఇంజనుకి ముందెటు?

నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య నడిచే ఆ చిన్న రైలు కంపెనీకి కొత్తగా వచ్చిన పాత డీజిల్ ఇంజను చుట్టూ వెండెల్ కుబిచెక్ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. భక్తితో కాదు, అనుమానంతో. కింద నిలబడి వ్యాగన్లు తగిలించే పని అతనిది. వాకీటాకీలో "ముందుకు" అంటే ఇంజను ముందుకే పోవాలి. వెనక్కొచ్చిందా, వ్యాగనుకీ దానికీ మధ్య వెండెల్ అప్పడం.

"పెద్ద కంపెనీలో పుట్టింది, బొగ్గు గనికి వెళ్ళింది, రాళ్ళ క్వారీలో కాపురం చేసింది. మనది నాలుగో ఇల్లు," అన్నాడు యజమాని మెర్ల్ స్ట్రౌడ్, పెళ్ళి సంబంధం చెబుతున్నట్టు.

డ్రైవర్ గదికి ఒక పక్క పొట్టి ముక్కు, ఇంకో పక్క పొడుగు ముక్కు. ఏ కొస ముందో చెప్పే ఎఫ్ అక్షరం పొట్టి ముక్కు మీద కొత్త పసుపు రంగుపై నల్లగా మెరుస్తోంది. వెండెల్ పొడుగు ముక్కు మీద కత్తితో గీకాడు. పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు, ఎరుపులో ఇంకో ఎఫ్.

"మెర్ల్, దీనికి రెండు ముందులున్నాయి."

"అయితే వెనకబడదు. పొద్దున్నే ఏం మందు వేశావయ్యా?"

"ముందు తేలాకే మందు. చేతులు మారినప్పుడల్లా రంగే మారిందా, లోపలి తీగలూ మారాయా?"

"అమ్మినవాడు అన్నీ మార్చానన్నాడు."

"మాట కూడా మార్చే ఉంటాడు."

డ్రైవర్ లైల్ ఇంజను కిటికీలోంచి నవ్వాడు. "ముందూ వెనకా ఎవరూ లేనిదాన్ని ముందూ వెనకా చూడకుండా కొన్నాం."

ఆ నవ్వు మీదా వెండెల్‌కి అనుమానమే. పైన కూర్చున్నవాడికి నవ్వు సులువు.

"ఇంజనుకీ ఆ వెనకున్న వ్యాగనుకీ మధ్యలో నిలబడి ముందుకు అను," అన్నాడు మెర్ల్. "ఇంజను దూరం జరుగుతుంది, వ్యాగను కొక్కెం సరిచేసుకుంటావు."

"నువ్వే నిలబడు దొరా. నేనంటాను."

యజమాని వెనకాడితే పరువు పోతుంది. మెర్ల్ టోపీ సర్దుకుని, పొడుగు ముక్కుకీ వ్యాగనుకీ మధ్య పట్టాల మీద నిలబడ్డాడు. వెండెల్ వాకీటాకీ ఎత్తి, మళ్ళీ దించాడు.

"ఇవతలికి రా. నువ్వు పోతే నా జీతం ఎవడిస్తాడు?"

మెర్ల్ గొణుక్కుంటూ పక్కకి వచ్చాడు.

"లైల్, ముందుకు. మెల్లిగా."

నల్ల ఎఫ్ కదిలింది, వెనక్కి. పొడుగు ముక్కు వెళ్ళి వ్యాగన్ని ధన్‌మని గుద్దింది. మెర్ల్ నిలబడ్డ చోట ఇనుము ఇనుముని కొరుకుతోంది.

"నేను ముందుకే తోశాను," అన్నాడు లైల్, పిడి చూపిస్తూ. అబద్ధం కాదు. ఆ పిడికి ఇంకా మొదటి యజమానే యజమాని.

మెర్ల్ టోపీ మళ్ళీ సర్దుకున్నాడు. "రంగు తెప్పిస్తా."

"తెప్పించు. పూసినా నమ్మను." వెండెల్ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. "లైల్, ఇవాళ్టినుంచి ముందూ లేదు, వెనకా లేదు. గోదాం వైపు, ఊరి వైపు. అర్థమైందా?"

"ఏ ఊరు? గోదాం అవతలా ఊరేగా," అన్నాడు లైల్.

వెండెల్ కిటికీకేసి కాసేపు అనుమానంగా చూసి, చేత్తో చూపించాడు.